గాబర్‌కీ గాబరాకీ చుట్టరికం ఉందా?

మొన్న మా మేనల్లుడు హెడ్‌ఫోన్స్ నా చెవులకు తగిలించి "ఇది గాబర్ మావయ్యా" అన్నాడు. డచ్చివాళ్ల ఎలక్ట్రానిక్ డ్యాన్స్ సంగీతంలో ఒక రకం, నిమిషానికి 180 దెబ్బలట. పాట సగంలోనే గుండె దడదడలాడింది. "గాబర్ కాదురా, గాబరా!" అన్నాను. వాడు నవ్వేసి ఊరుకున్నాడు గానీ నాకు అనుమానం పట్టుకుంది. వెతికాను.

సంబంధం లేదు. మన గాబరా హిందీ ఘబ్‌రానాకీ మరాఠీ ఘాబరణేకీ చుట్టం. గాబర్ డచ్చి మాట, అర్థం దోస్తు. హీబ్రూలో స్నేహితుణ్ణి హవేర్ అంటారు. అది యూదుల యిడ్డిష్ ద్వారా ఆమ్‌స్టర్‌డామ్ చేరి, దొంగలూ దేశదిమ్మరులూ తమలో తాము మాట్లాడుకునే బార్గూన్స్ అనే భాషలోకి దూరి, అక్కణ్ణుంచి మామూలు వాడుకలోకి వచ్చింది.

తమాషా ఏమిటంటే, ఆమ్‌స్టర్‌డామ్ యాస మాట రాటర్‌డామ్ సంగీతానికి పేరైంది. ఆ రెండు ఊళ్లకూ అస్సలు పడదు. 1992లో రాటర్‌డామ్ రికార్డ్స్ అనే సంగీత సంస్థ తెచ్చిన తొలి రికార్డు పేరే "ఆమ్‌స్టర్‌డామా, అదెక్కడుంది?" అన్న ఎకసెక్కెం.

ఇక ఆ దెబ్బ సంగతి. రోలాండ్ 909 డ్రమ్ మెషీన్‌లోని కిక్‌ని, అంటే పెద్ద డ్రమ్ము దెబ్బని, శబ్దం చీలిపోయేదాకా పెంచుతారు. "డుమ్" అనాల్సింది బొంగురుపోయి, తానే ఒక స్వరంలా మోగుతుంది. దీని మీద డ్యాన్స్ పేరు హాక్కెన్, అంటే నరకడం. కాళ్లు చూస్తే ఆ పేరు ఎందుకో తెలుస్తుంది. ఇందులోనే పియానో, కీచుగొంతులతో కులాసాగా సాగేది హ్యాపీ హార్డ్‌కోర్. నిమిషానికి 300 దెబ్బలు దాటితే స్పీడ్‌కోర్. అది విన్నాక నాకు దెబ్బలు విడిగా వినపడలేదు, పిండిమర శబ్దమే.

వ్యాఖ్య: గాబర్ అని రాస్తున్నారు గానీ డచ్చివాళ్ల గ గొంతులో గీరుకుంటూ వస్తుందండీ. అ కూడా పొట్టిదే. హైదరాబాద్ ఉర్దూలో "ఖబర్" అనేవాళ్ల నోట దాదాపు సరిగ్గా పలుకుతుంది.

జవాబు: బాగుందండీ, ఇప్పుడు గాబరా పోయి ఖబర్ వచ్చింది! తెలుగులో ఏమనాలంటారు? నేస్తం మరీ పుస్తకం మాట.

వ్యాఖ్య: "మావా" అనండి. కుర్రాళ్లు చుట్టరికం లేకపోయినా అలాగే పిలుచుకుంటారుగా.

జవాబు: మా మేనల్లుడు నన్ను నిజంగానే మావయ్యా అంటాడు. వాడికి చెప్తే ఇక నన్ను వదలడు.