అప్‌డేట్: పాలిపోయి చనిపోతున్న నాటు పంది పిల్లలు

ఒడిశాలోని రాయగడ జిల్లా గునుపురం దగ్గర, నాటు పంది పిల్లలు రెండో వారానికి పాలిపోయి రొప్పుతూ చనిపోతున్నాయని అడిగాను. పశువుల డాక్టరు చూసి ఇనుము లోపమని తేల్చారు.

పుట్టిన పిల్ల ఒంట్లో ఇనుము సుమారు 50 మిల్లీగ్రాములే. రోజుకు 7 దాకా కావాలి, తల్లిపాలలో వచ్చేది 1. ఊరంతా తిరిగే పందుల పిల్లలు మట్టి కెలికి ఆ లోటు తీర్చుకుంటాయి. సిమెంటు నేల మీద ఆ దారి ఉండదు. పాక కట్టుకోమని చెప్పేవాళ్లు ఈ సంగతి కూడా చెప్పాలి.

ఇప్పుడు మూడో రోజున మెడ కండకు ఐరన్ డెక్స్‌ట్రాన్ (ఇనుము ఇంజెక్షన్) 100 మిల్లీగ్రాములు, రెండో వారంలో మరోసారి వేయిస్తున్నాం. సీసా మీద మిల్లీలీటరుకు 50 అని ఉంటే 2 మిల్లీలీటర్లు, 100 అని ఉంటే 1. తోలు కాస్త పక్కకు లాగి గుచ్చాలి, లేదంటే మందు వెనక్కి కారిపోతుంది. పందులు తిరగని చోటి ఎర్రమట్టి కూడా గుప్పెడు వేస్తున్నాం. తిరిగిన చోట నులిపురుగుల గుడ్లుంటాయి. నల్ల పందికి ఒంటి రంగు చూస్తే తెలియదు, చిగుళ్లు, కంటి రెప్పల లోపలి వైపు చూడాలి. ఈ ఈత పిల్లలకు అవి ఎర్రగానే ఉన్నాయి.

పిల్లలు తల్లి ఒంటి కింద పడి నలగడం మాత్రం ఆగలేదు. తల్లి పడుకునేటప్పుడు పిల్లలు తప్పుకునేలా గోడకు జానెడు ఎడంగా, నేలకు జానెడు ఎత్తులో వెదురు బొంగులు కడుతున్నాం.