నటన, దర్శకత్వం రెండూ ఒకరే చేస్తుంటే, నాటకం నుంచి టీవీకి వచ్చేటప్పుడు ఏం మారుతుంది?

మూడోగంట (ప్రశ్న):
నాటకంలో ప్రధాన పాత్ర వేస్తూ దర్శకత్వమూ చేసేవారికి ఒక పద్ధతి అలవాటై ఉంటుంది. వారాల తరబడి రిహార్సల్, చివర్లో తన చోట ఇంకొకరిని నిలబెట్టి హాల్లోంచి చూసుకోవడం, తెర లేచాక ఇక నటన ఒక్కటే. అదే వ్యక్తి టీవీలో 22 నిమిషాల ఎపిసోడ్‌కి రెండు పనులూ చేయాలంటే ఇందులో ఏది పనికొస్తుంది? తన షాట్ ఓకే అని ఎవరు చెప్పాలి? తన క్లోజప్ ఎప్పుడు తీయించుకోవాలి? గొంతు సంగతేమిటి? "కెమెరా ముందు తగ్గించి చెయ్యాలి" అన్న సలహా ఎక్కడైనా దొరుకుతుంది, అంతకన్నా వివరంగా చెప్పగలరు.

మానిటర్‌పక్కన:
షాట్ ఓకే అని ఎవరు చెప్పాలన్న సందేహంతోనే మిగతావి ముడిపడి ఉన్నాయండి. ఫ్రేములో ఉన్న దర్శకుడు ఎదుటి నటుడి మాట వినాల్సింది పోయి, బాగా చెబుతున్నాడా లేదా అని తూకం వేస్తుంటాడు. హాల్లో నాలుగైదు వరుసలు దాటాక అది ఎవరికీ కనపడదు. క్లోజప్‌లో మాత్రం కళ్లు పట్టిచ్చేస్తాయి. ఇంకో జబ్బు, ఎదుటివారి డైలాగుకి తన పెదాలు కదపడం. స్క్రిప్టు మొత్తం నోటికొచ్చినవారికి ఇది తెలియకుండానే జరిగిపోతుంది.

అందుకని మానిటర్ (కెమెరా చూసేది చూపించే తెర) దగ్గర ఒక మనిషి కావాలి. కో-డైరెక్టరో అసోసియేటో ఎవరైనా సరే, "మీ టేక్ బాలేదు, ఇంకోటి చేద్దాం" అని దర్శకుడితో అనగలిగే అధికారం యూనిట్ అందరి ముందూ ఇవ్వాలి. ఇవ్వకపోతే ప్రతి టేకూ బ్రహ్మాండమే అవుతుంది. యాక్షన్, కట్ కూడా ఆ మనిషే చెప్పాలి. దర్శకుడే యాక్షన్ అనేసి పాత్రలోకి దిగితే మొదటి రెండు మాటల్లో ఇంకా దర్శకుడి గొంతే వినపడుతుంది. చివర్లో కట్ చెప్పాలన్న ధ్యాసతో ఆఖరి భావం తెగిపోతుంది.

మీ నాటకం పద్ధతిలో పనికొచ్చేది ఆ "తన చోట ఇంకొకరు". దాదాపు తన ఎత్తే ఉన్న మనిషిని నిలబెట్టి సీను నడిపించి, తాను మానిటర్లో చూసుకోవాలి. ఎత్తు తేడా ఉంటే ఫ్రేము, లైటు రెండూ తప్పుతాయి. ఆగే ప్రతి చోటా నేల మీద టేపు, ఒక్కో నటుడికి ఒక్కో రంగు. ఆ తర్వాత తానే దిగి ఒకసారి నడవాలి, ఫోకస్ సరిచూసుకునేది అప్పుడే. ఆపైన టేక్.

1898లో తెరిచిన మాస్కో ఆర్ట్ థియేటర్లో రష్యన్ నటుడు, దర్శకుడు స్తానిస్లావ్‌స్కీ నటిస్తూ దర్శకత్వం చేశాడంటే, పక్కన ఆ థియేటర్‌ని తనతో కలిసి స్థాపించిన నెమిరోవిచ్-దాన్చెంకో ఉన్నాడు. బ్రిటన్ నేషనల్ థియేటర్‌కి అధిపతిగా ఉన్న లారెన్స్ ఒలివియే 1964లో అక్కడే ఒథెల్లో వేసినప్పుడు దర్శకత్వం జాన్ డెక్స్‌టర్‌ది. అంత బరువైన వేషానికి అదే తెలివైన పని అని నా ఉద్దేశం.

శబ్దగ్రహణం:
గొంతు గురించి. మామూలు పెద్ద గొంతుతో ఇబ్బంది లేదు, రికార్డింగ్ లెవెల్ తగ్గించుకోవచ్చు. గొంతు పెంచితే మెడ, దవడ బిగుసుకుంటాయి, అదీ కెమెరాకి తగిలే ఇబ్బంది. ఎదుటి పాత్ర ఎంత దూరంలో ఉందో అంతవరకు వినపడితే చాలు. అయితే రంగస్థలం నుంచి వచ్చినవారు "తగ్గించు" అనగానే గుసగుసకి దిగిపోతారు. అప్పుడు లెవెల్ పెంచితే ఫ్యాను, జనరేటరు మోత కూడా పెరుగుతుంది. పైగా మాస్టర్ షాట్‌లో (సీను మొత్తం వైడ్‌గా తీసేది) ఒక స్థాయి, క్లోజప్‌లో ఇంకో స్థాయి మాట్లాడితే ఎడిటింగ్‌లో రెండూ అతకవు.

అరిచే డైలాగు ఉంటే రిహార్సల్‌లోనే పూర్తి గొంతుతో అరవాలి. టేకులో హఠాత్తుగా అరిస్తే సౌండ్ చీలిపోతుంది, తర్వాత ఎవరూ బాగుచేయలేరు. క్లోజప్‌లో ఒకరి మాట మీద ఒకరు పడకూడదు, కెమెరా వెనక నుంచి డైలాగు అందించేవారు చిన్న ఖాళీ వదలాలి. లేపెల్ మైక్ (బట్టలకి తగిలించే చిన్న మైకు) ఉంటే గుండె మీద చెయ్యి కొట్టుకునే అలవాటు మానాలి. పట్టుబట్ట, గంజి పెట్టిన బట్ట గరగరలాడతాయి కాబట్టి కాస్ట్యూమ్ ముందే వేయించి వినండి. లొకేషన్ మారేముందు అందరూ కదలకుండా ఒక అర నిమిషం నిశ్శబ్దాన్ని రికార్డ్ చేయించండి, ఎడిటింగ్‌లో మాటల మధ్య ఖాళీలు పూడ్చడానికి. దర్శకుడు మేకప్‌లో ఉంటే మొదట మరిచేది ఇదే.

ఎడిట్‌టేబుల్:
"దర్శకుడి క్లోజప్ ఆఖర్న తీద్దాం, మిగతావాళ్లని ముందు పంపించేద్దాం" అంటారు. మర్యాదే, కానీ ఎడిటింగ్ టేబుల్ మీద కొంప ముంచుతుంది. వెలుతురు పోతుంటుంది, టైము మించిపోతుంటుంది, హీరోకి ఒక్క టేకే మిగులుతుంది. ముందు మాస్టర్, తర్వాత ఎదుటి నటుడి క్లోజప్, వెంటనే తనది. ఎదుటివారికి డైలాగులు అందిస్తూ తన పాత్ర కూడా వేడెక్కి ఉంటుంది. వారికి ఎన్ని షాట్లు పెడితే తనకీ అన్ని. మాట్లాడకుండా వింటున్న రియాక్షన్ షాట్లు కూడా తీయించుకోవాలి, నటుడు-దర్శకుల ఫుటేజీలో ఎప్పుడూ కొరతపడేవి అవే. కట్ అన్నాక కూడా రెండు మూడు సెకన్లు పాత్రలోనే ఉండాలి.

నాటకంలో ఏ రాత్రికి ఆ రాత్రి గ్లాసు ఎప్పుడు ఎత్తినా ఫరవాలేదు. ఇక్కడ మాస్టర్‌లో ఏ మాట మీద, ఏ చేత్తో ఎత్తారో క్లోజప్‌లోనూ అంతే. గుర్తుండదనుకుంటే గ్లాసే తీసేయండి. మాట్లాడుకునే ఇద్దరినీ కలిపే ఊహాగీతకి కెమెరా ఒకే వైపు ఉండాలన్నది మరవకండి. స్టేజీ మీద పాత్రలు అటూ ఇటూ దాటుతుంటే అందంగా ఉంటుంది, ఇక్కడ దాటిన ప్రతిసారీ లుక్ (చూపు దిక్కు) మారుతుంది. ఆ దాటడం ఏదో ఒక షాట్‌లో కనిపించాలి, లేకపోతే ఇద్దరూ ఒకే వైపు చూస్తూ మాట్లాడుకుంటున్నట్టుంటుంది.

ప్రతి టేకూ ప్లేబ్యాక్ చూసుకోవడం కూడా వద్దు. తిప్పడం, చూడడం, చర్చ కలిపి మూడు నిమిషాలు. రోజుకి అరవై టేకులైతే మూడు గంటలు అక్కడే పోతాయి. సెటప్‌కి (కెమెరా, లైట్లు ఒక చోట పెట్టి తీసేదానికి) ఒక్కసారి, ఓకే అనుకున్న టేక్ మాత్రమే.

మూడోగంట:
మూడు కెమెరాలతో ఒకేసారి తీస్తే కంటిన్యుటీ (షాట్‌కీ షాట్‌కీ అన్నీ సరిపోవాలన్న) బాధ తప్పుతుంది కదా?

మానిటర్‌పక్కన:
చాలావరకు తప్పుతుంది. 1951లోనే అమెరికాలో ఒక కామెడీ సీరియల్‌ని ప్రేక్షకుల ముందు మూడు ఫిల్మ్ కెమెరాలతో తీశారు. సీను ఆగకుండా నడుస్తుంది కాబట్టి నాటకం వాళ్లకి చేయి తిరిగిన పనిలా ఉంటుంది. మధ్య కెమెరా వైడ్, కుడి కెమెరా ఎడమవైపు మనిషిని, ఎడమది కుడివైపు మనిషిని పట్టుకుంటాయి. అన్ని వైపులకీ సరిపోవాలి కాబట్టి లైటింగ్ కొంచెం చప్పగా ఉంటుంది, అది ఒప్పుకోవాల్సిందే.

చిక్కేమిటంటే కంట్రోల్ రూములో కూర్చోవాల్సిన దర్శకుడు సెట్లో ఉంటాడు. కాబట్టి ఏ మాట మీద ఏ కెమెరాకి మారాలో షాట్ నంబర్లతో ముందురోజే స్క్రిప్టు మీద రాసి కో-డైరెక్టర్‌కి ఇవ్వాలి. మూడు కెమెరాలనీ విడివిడిగా కూడా రికార్డ్ చేయిస్తే తప్పిన కట్లు టేబుల్ మీద సరిదిద్దుకోవచ్చు. టేపు గుర్తు మీద నుంచి ఒక అడుగు జరిగితే మన భుజం ఎదుటి మనిషి మొహానికి అడ్డం పడుతుంది, అప్పుడు సీను మొదటికే. ఇక్కడ మాత్రం రెండు రోజుల రిహార్సల్ అడగడానికి మొహమాటపడొద్దు.