పీసీలో డిష్ ట్యూనర్ కార్డు: స్ట్రెంగ్త్ ఉంది, క్వాలిటీ మాత్రం సున్నా

ప్రశ్న (కావలి నుంచి)

అందరికీ నమస్కారం. మా పెద్దమ్మ చెప్పిన హరికథ ఈ ఆదివారం ఉదయం డీడీ సప్తగిరిలో వేస్తారని కబురొచ్చింది. ఆమెకు డెబ్బై ఆరేళ్లు. ఇన్నేళ్లుగా ఊరూరా కథలు చెప్పినా మా దగ్గర ఒక్క రికార్డింగూ లేదు. టీవీ ముందు ఫోన్ పట్టుకుని తీస్తే ఫ్యాను మోత, కుక్కర్ విజిల్ అన్నీ పడతాయి. అందుకని సెకండ్ హ్యాండ్‌లో ఒక డీవీబీ-ఎస్2 ట్యూనర్ కార్డు (డిష్ సిగ్నల్‌ని పీసీలోకి తెచ్చేది) కొని డెస్క్‌టాప్‌లో పెట్టాను. పీసీఐ ఎక్స్‌ప్రెస్ చిన్న స్లాట్‌లో సరిగ్గా కూర్చుంది. విండోస్ 10. డ్రైవర్ వేశాక డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తేమీ లేదు.

మిద్దె మీద డీడీ ఫ్రీ డిష్ ఉంది. దాని కేబుల్‌కి ఇంట్లో పడి ఉన్న స్ప్లిటర్ తగిలించి ఒక వైరు టీవీ బాక్సుకి, ఇంకొకటి కార్డుకి ఇచ్చాను. టీవీలో ఛానళ్లు వస్తున్నాయి, అప్పుడప్పుడు గళ్లు పడుతున్నాయి. పీసీలో ప్రోగ్‌డీవీబీ అనే టీవీ సాఫ్ట్‌వేర్‌తో స్కాన్ చేస్తే స్ట్రెంగ్త్ 58, క్వాలిటీ 0. ఒక్క ఛానలూ రాలేదు. కార్డు పాడైందంటారా? ఇంకా ఐదు రోజులే ఉంది, టెన్షన్‌గా ఉంది.

జవాబు (ఒంగోలు నుంచి)

తమ్ముడూ, కార్డును అప్పుడే అనుమానించొద్దు. డివైస్ మేనేజర్‌లో శుభ్రంగా కనపడే కార్డు చాలావరకు బాగానే ఉంటుంది. తప్పు ఎక్కువగా డిష్‌కీ కార్డుకీ మధ్యలోనే దొరుకుతుంది. స్ట్రెంగ్త్ 58 చూసి సిగ్నల్ వస్తోందనుకోకు. అందులో ఉత్త రొద కూడా కలిసి ఉంటుంది. నమ్మాల్సింది క్వాలిటీని.

రెండు సంగతులు చెప్పు. టీవీ బాక్సు ప్లగ్ పూర్తిగా తీసేస్తే పీసీలో స్ట్రెంగ్త్ ఎంత చూపిస్తోంది? ఆ స్ప్లిటర్ మీద ఏ అంకెలు రాసున్నాయి?

కావలి

అన్నా, బాక్సు ప్లగ్ తీయగానే స్ట్రెంగ్త్ 58 నుంచి 6కి పడిపోయింది. స్ప్లిటర్ మీద 5–1000 మెగాహెర్ట్జ్ అని ఉంది. పాత కేబుల్ టీవీ కనెక్షన్ నాటిది.

ఒంగోలు

ఒక తప్పు దొరికింది. కొంచెం వివరంగా చెప్తా, అర్థమైతే రేపు నీకు నువ్వే చూసుకోగలవు.

డిష్ ముందు కొమ్మకు బిగించి ఉండే చిన్న డబ్బానే ఎల్‌ఎన్‌బీ, సిగ్నల్ పట్టేది అదే. దానికి కరెంటు వేరే ఎక్కడినుంచో రాదు. బాక్సో కార్డో ఆ కేబుల్‌లోనే పంపాలి. సిగ్నల్ తరంగం నిలువుగా వచ్చేదైతే (వర్టికల్) 13 వోల్టులు, అడ్డంగా వచ్చేదైతే (హారిజాంటల్) 18. నీ స్ప్లిటర్ ఒక వైపునుంచే కరెంటును పైకి వదులుతోంది, అది టీవీ బాక్సు వైపు. కార్డు పంపే కరెంటు స్ప్లిటర్ దగ్గరే ఆగిపోతోంది. బాక్సు ప్లగ్ తీయగానే పైన ఎల్‌ఎన్‌బీ ఆగిపోయింది, అందుకే 6.

ఇక ఫ్రీక్వెన్సీ. ఫ్రీ డిష్ వచ్చేది 93.5 డిగ్రీల తూర్పున ఉన్న జీశాట్-15 నుంచి. అందులో 11090 మెగాహెర్ట్జ్, వర్టికల్, సింబల్ రేటు 29500 ఉన్న ట్రాన్స్‌పాండర్‌ని (కొన్ని ఛానళ్లను కలిపి మోసే ఫ్రీక్వెన్సీ) తీసుకో. అంత పెద్ద ఫ్రీక్వెన్సీ కేబుల్‌లో దిగిరాలేదు. అందుకని ఎల్‌ఎన్‌బీ అందులోంచి 9750 తీసేసి కిందికి పంపుతుంది. 11090 లోంచి 9750 పోతే 1340. అంటే నీ కేబుల్‌లో పారేది 1340 మెగాహెర్ట్జ్. స్ప్లిటర్ హద్దు 1000. బాక్సు ఎలాగో లాక్కొస్తోంది, ఆ గళ్లు దానివల్లే పడుతూ ఉండొచ్చు.

స్ప్లిటర్ పక్కన పెట్టెయ్. ముందు పీసీ షట్‌డౌన్ చేసి, ప్లగ్ తీసి, ఆ తర్వాతే కేబుల్ నేరుగా కార్డుకి బిగించు. పీసీ నడుస్తుండగా బిగిస్తే నడుమ తీగ పక్కకు తగిలి షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది, కార్డులో ఎల్‌ఎన్‌బీకి కరెంటిచ్చే భాగం దెబ్బతింటుంది. తర్వాత తీరిగ్గా రెండు అవుట్‌పుట్లున్న ట్విన్ ఎల్‌ఎన్‌బీ వేయించుకుని బాక్సుకొక కేబుల్, కార్డుకొక కేబుల్ లాగించుకో. పక్కా పద్ధతి అదే.

కావలి

నేరుగా బిగించాను. బాక్సు లేకుండానే స్ట్రెంగ్త్ 61 చూపిస్తోంది. క్వాలిటీ మాత్రం ఇంకా 0.

ఇంకొకరు (ఆత్మకూరు నుంచి)

కొన్ని కార్డులకు పక్కన చిన్న పవర్ సాకెట్ ఉంటుంది. దానికి ఎస్‌ఎంపీఎస్ (పీసీలోని పవర్ సప్లై) నుంచి వైరు ఇవ్వకపోతే ఎల్‌ఎన్‌బీకి వోల్టేజ్ పోదు. నాకు అదే జరిగి రెండు రోజులు పోయాయి. మల్టీమీటర్ ఉంటే కేబుల్ చివర కొలిచి చూడండి.

ఒంగోలు

మంచి మాట. అందరూ చూసుకోవాల్సిందే. ఇక్కడ స్ట్రెంగ్త్ 61 ఉందంటే ఎల్‌ఎన్‌బీకి కరెంటు అందుతున్నట్టే. తమ్ముడూ, ప్రోగ్రామ్‌లో ఎల్‌ఎన్‌బీ సెట్టింగ్ ఏముంది? ఎల్‌ఓఎఫ్ 1, ఎల్‌ఓఎఫ్ 2 అని రెండు గడులుంటాయి చూడు, ఎల్‌ఎన్‌బీ ఎంత తీసేస్తుందో రాసేది అక్కడే.

కావలి

రెండింట్లోనూ 10600 ఉంది అన్నా. కార్డు అమ్మినాయన ఇచ్చిన సెట్టింగ్స్ ఫైల్ అలాగే దింపాను.

ఒంగోలు

అదీ సంగతి! ఆయన ఇంట్లో వేరే రకం ఎల్‌ఎన్‌బీ ఉండి ఉంటుంది. 11090 లోంచి 10600 తీస్తే 490. కార్డు వినగలిగేది 950 నుంచి 2150 దాకానే. 490 దగ్గర వెతికితే ఏం దొరుకుతుంది? మొదటి గడిలో 9750, రెండో దాంట్లో 10600, స్విచ్ 11700 పెట్టు. డైసెక్ (ఒకటికి మించి డిష్‌లుంటే వాడే స్విచ్) అన్నచోట ‘లేదు’ అని పెట్టు, నీకు ఒక్క డిష్షే కదా. ముందు ఆ 11090 ఒక్కటే స్కాన్ చెయ్.

కావలి

వచ్చింది!! క్వాలిటీ 41. ఛానళ్లు వరసగా దిగుతుంటే ఇంట్లో అందరం నిలబడి చూశాం. మిగతా ఫ్రీక్వెన్సీలు కూడా కొట్టాను, సప్తగిరి దొరికింది. కాకపోతే బొమ్మ మధ్యమధ్యలో ఆగుతోంది.

ఒంగోలు

41 చాలదు. వాన మబ్బు పట్టిందంటే పోతుంది, ఫ్రీ డిష్ వచ్చే కేయూ బ్యాండ్ ఫ్రీక్వెన్సీలు వానకు తట్టుకోవు. మిద్దె ఎక్కి ఎల్‌ఎన్‌బీ దగ్గర కనెక్టర్ విప్పి చూడు. మన కోస్తాలో ఉప్పుగాలికి అది రెండేళ్లలో చిలుం పడుతుంది.

కావలి

మీరన్నది నిజమే. మరలు తిప్పగానే పచ్చటి పొడి చేతికంటింది. నడుమ రాగి తీగ నల్లబడి ఉంది, పైన వల లాంటి తీగలోంచి వెంట్రుకంత పోగొకటి వంగి దాన్ని తాకీ తాకకుండా ఉంది. కేబుల్ నాలుగు వేళ్ల మేర కోసేసి, కొత్త కనెక్టర్ బిగించి, పైన రబ్బరు టేపు చుట్టాను. క్వాలిటీ 68.

ఆత్మకూరు

మధ్యలో అడుగుతున్నా, ఏమనుకోవద్దు. మేం కొత్తగా డిష్ పెడుతున్నాం. ఎటు తిప్పాలి? ఈ కార్డుతో డబ్బు కట్టే డీటీహెచ్ ఛానళ్లు కూడా వస్తాయా?

ఒంగోలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఎక్కడైనా దాదాపు సరిగ్గా ఆగ్నేయమే. వాస్తు ప్రకారం వంటిల్లు ఉండే మూల అనుకోండి. దిక్సూచి మీద 137 డిగ్రీల దగ్గర. ఉపగ్రహం ఎత్తు 66 డిగ్రీలు, అంటే బాగా పైన. కానీ మనం వాడే చిన్న డిష్ ఆఫ్‌సెట్ రకం, దాని ముఖం అంత పైకి చూస్తున్నట్టు కనిపించదు. ముఖాన్నే 66కి ఎత్తారో సిగ్నల్ తప్పిపోతుంది.

చాలామంది వదిలేసేది ఎల్‌ఎన్‌బీ వంపు. మన దగ్గర అది 40 డిగ్రీల దాకా ఉంటుంది. క్లిప్పు వదులు చేసి, ఒకరు కింద క్వాలిటీ చెప్తుంటే పైన ఇంకొకరు అటూ ఇటూ మెల్లగా తిప్పాలి. ఎటు పెరిగితే అటు బిగించండి.

డబ్బు కట్టే ఛానళ్లు ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళం వేసినట్టు వస్తాయి, మామూలు ట్యూనర్ కార్డుతో రావు. దొడ్డిదారి ఉందని చెప్పేవాళ్లుంటారు. అది దొంగతనం, నేను చెప్పను. ఫ్రీ డిష్‌లో డబ్బు కట్టకుండానే దూరదర్శన్ ఛానళ్లూ, ఆకాశవాణి రేడియో కూడా వస్తాయి.

కావలి తమ్ముడికి: శనివారమే ఒక అరగంట రికార్డు చేసి, మొదటినుంచి చివరిదాకా చూసుకో. పీసీ స్లీప్‌లోకి పోకుండా సెట్టింగ్ మార్చు. ప్రసారానికి పది నిమిషాల ముందే మొదలుపెట్టి, పది నిమిషాల తర్వాత ఆపు. సెకనుకు 3 మెగాబిట్ల ఛానలైతే గంటకు 1.3 జీబీ దాకా అవుతుంది, డిస్క్‌లో చోటు చూసుకో. పీసీని యూపీఎస్ మీద పెట్టు, సరిగ్గా ఆ గంటలోనే కరెంటు పోతే మళ్లీ ఆ కథ దొరకదు. మాట వస్తూ బొమ్మ నల్లగా ఉంటే పీసీలో ఆ వీడియోని విప్పే డీకోడర్ లేదని అర్థం. ల్యావ్ ఫిల్టర్స్ అనే డీకోడర్ వేసుకో, లేదా ఫైల్‌ని వీఎల్‌సీలో తెరువు. రికార్డైన టీఎస్ ఫైల్‌ని వెంటనే ఎంపీ4గా మార్చి అసలుది తుడిచెయ్యొద్దు. ఒరిజినల్ అదే.

కావలి (ఆదివారం సాయంత్రం)

అన్నా, మొత్తం వచ్చింది. 52 నిమిషాలు, 1.1 జీబీ, ఒక్క గడి కూడా పడలేదు. మధ్యలో ఒకసారి మబ్బేసి క్వాలిటీ 55కి దిగితే గుండె జారిపోయింది, మళ్లీ పుంజుకుంది. మధ్యాహ్నం పెద్దమ్మని కూర్చోబెట్టి చూపించాం. ఆమె బొమ్మ వైపు పెద్దగా చూడలేదు. కళ్లు మూసుకుని విని, “చిడతలు స్పష్టంగా పడ్డాయే” అంది. రెండు పెన్‌డ్రైవ్‌లలో కాపీ పెట్టాను. ట్విన్ ఎల్‌ఎన్‌బీకి వచ్చే వారం మనిషిని పిలుస్తున్నా. అప్పటిదాకా డిష్ కేబుల్‌ని టీవీ బాక్సుకే పెడతా.