ఫోను స్వాధీనం చేసుకుంటే లోపల ఉన్నదంతా చదవవచ్చా?

సరళరేఖ: సోదాకు వచ్చిన పోలీసులు బీరువా తెరిపిస్తే ఎవరూ తప్పుపట్టరు. ఫోను దగ్గరకు వచ్చేసరికి ఇంత రభస ఎందుకు? పిల్లలను వేధించేవాడైనా, ఖాతాలు కొల్లగొట్టేవాడైనా సాక్ష్యమంతా అందులోనే దాస్తున్నాడు. కోర్టు ఉత్తర్వు వచ్చేలోగా ఎక్కడి నుంచో అంతా చెరిపేస్తే బాధితులకు ఎవరు జవాబు చెబుతారు?

నల్లకోటు: బీరువాలో నా సామాను ఉంటుంది. ఫోనులో నాతో మాట్లాడిన ప్రతివారి గుట్టూ ఉంటుంది. వాళ్లు ఏ కేసులోనూ లేరు.

చెరిపేస్తారన్న భయం నిజమైనదే. 2014లో రైలీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ముందుకు ఇదే వాదన వచ్చింది. ఫోను ఆపేయండి, లేదా సిగ్నల్ అందని సంచిలో పెట్టండి, ఆ తర్వాత వారెంటు తెచ్చుకోండి అని న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తేల్చారు. ప్రాణాపాయం వంటి అత్యవసరాలకు మినహాయింపు ఉంచారు.

మన సుప్రీంకోర్టు 2017లో పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కేనంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత (నేర దర్యాప్తు, విచారణ ఎలా జరగాలో చెప్పే చట్టం) 94వ సెక్షనేమో డిజిటల్ సాక్ష్యం ఉండగల పరికరాలను తెచ్చి ఇమ్మనే అధికారాన్ని కోర్టుతోపాటు స్టేషను అధికారికీ ఇచ్చింది. తెచ్చాక ఏ తేదీలవి, ఎవరి సంభాషణలు చదవాలో అందులో లేదు. నా తగువంతా అక్కడే.

నేను ఒక పంచనామా చూశాను. ‘నల్లరంగు ఫోను, ఒకటి, తెర పగిలినది.’ అంతే. హాష్ విలువ, అంటే లోపలి సమాచారమంతటినీ లెక్కగట్టి తీసే గుర్తు, రాయలేదు. లోపలి సమాచారంలో ఒక్క అక్షరం మారినా ఆ విలువ మారిపోతుంది. అది లేకపోతే స్టేషనులో ఉన్నన్నాళ్లూ ఫోనులో ఎవరూ ఏదీ చొప్పించలేదని పోలీసులు కూడా నిరూపించుకోలేరు. మీరు అంటున్న బాధితుల కేసే అక్కడ వీగిపోతుంది.

సరళరేఖ: హాష్ సంగతి ఒప్పుకుంటున్నాను. పాస్‌వర్డ్ చెప్పనని మొండికేస్తే?

తూనిక: 1961లో కథీ కాలు ఓఘడ్ కేసులో 11 మంది న్యాయమూర్తులు, వేలిముద్ర ఇవ్వడం తనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పుకోవడం కిందకు రాదన్నారు. 2010లో సెల్వి కేసులో, మందు ఎక్కించి ప్రశ్నలడిగే నార్కో పరీక్ష బలవంతంగా చేయరాదన్నారు. మనసులో ఉన్నదాన్ని లాగకూడదన్నమాట. మరి అంకెలు చెప్పమనలేనివాళ్లు బొటనవేలు పట్టుకుని తెరకు ఆనించవచ్చా? ఎలా తీసినా తెరుచుకునేది అదే తలుపు. ఈ తేడా నాకు మింగుడుపడదు.

నల్లకోటు: నాకూ పడదు. అందుకే హద్దు తలుపు దగ్గర ఆగకూడదు, లోపల చదివేదానికి కూడా గీయాలి. ఏ నేరం, ఏ తేదీలు, ఎవరెవరి సంభాషణలు అన్నది మేజిస్ట్రేటు ఉత్తర్వులో ఉండాలి. మిగతాది ముట్టకూడదు. సరళరేఖ గారూ, ఫిర్యాదు చేసిన అమ్మాయి ఫోను కూడా సాక్ష్యంగా తీసుకుంటారు. ఆమె రాత్రిళ్లు చెల్లెలితో చెప్పుకున్న మాటలన్నీ వేరెవరో కూర్చుని చదువుతుంటే, ఇంకోసారి ఫిర్యాదు చేయడానికి ఆమె స్టేషను మెట్లు ఎక్కుతుందా?