చలువా? చెలువా?

నల్లకుంట పాఠకుడు: మా సైన్సు మాస్టారు వేసిన పొడుపుకథ ఒకటి సగమే గుర్తుంది. "నిప్పు పక్కన కూర్చుంది, నీరు కాలేదు, ఏదో... చలువ అయింది." జవాబు చలువరాయి. మొన్న బిర్లా మందిరంలో పాలరాతి మెట్ల మీద చెప్పుల్లేకుండా నిలబడితే గుర్తొచ్చింది. ఆ చివరి మాట 'చలువ'నా, 'చెలువ'నా? రెండ్రోజులుగా ఒకటే టెన్షన్.

పద్యపిచ్చి: చెలువే. మట్టి రంగు సున్నపురాయి వేడికి చలువరాయిగా మారి అందగత్తె అయిందని చమత్కారం. జవాబును పొడుపులోనే ఎవరైనా చెప్పేస్తారా!

తార్నాక అక్క: చలువ అంటే చల్లదనమేనా తమ్ముడూ? చలువ బట్టలంటే చల్లటి బట్టలు కాదుగా, ఉతికి తెల్లబరిచినవి. శిలాద్రవం, అంటే భూమి లోపలి కరిగిన రాయి, దాని పక్కనున్న సున్నపురాయి కూడా చాలాచోట్ల అలాగే తెల్లబడుతుంది. నిప్పే దాన్ని చలువ చేసింది. కాబట్టి 'చ'.

రాళ్ళపిచ్చి: మీరంతా 'నీరు కాలేదు' వదిలేశారు. కీలకం అక్కడుంది. డోలరైట్ అనే నల్లరాయిగా గడ్డకట్టే శిలాద్రవం 1100 డిగ్రీలు దాటి ఉంటుంది, అయినా పక్క రాయి సాధారణంగా కరగదు. గట్టిగా ఉండగానే సున్నపురాయిలోని కాల్సైట్ ఖనిజపు పలుకులు పెరిగి, ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుంటాయి. కుండల ఆవం లాంటిదే, దగ్గరివి బాగా కాలతాయి, దూరానివి పచ్చిగా మిగులుతాయి. పగుళ్ళలోకి చొరబడి గోడలా గడ్డకట్టిన శిలాద్రవమే డైక్; అది సన్నటిదైతే పక్కన అలా కాలిన పట్టీ జానెడు కూడా ఉండకపోవచ్చు, పెద్ద గ్రానైటు ముద్ద చుట్టూ కిలోమీటరు దాటొచ్చు. పుస్తకాల్లో దాన్ని 'పరివేషం' అంటారు. చందమామ చుట్టూ కట్టే 'వరదగుడి' ఉండగా అదెందుకో!

పద్యపిచ్చి: వరదగుడి! ఈ మాట కోసమైనా మీకు దండం. రాళ్ళంటే శ్రీనాథుడిదని చెప్పుకునే చాటువు ఉండనే ఉంది, "నాగులేటి నీళ్ళు, నాపరాళ్ళు". నాపరాయీ సున్నపురాయే కదా, దానికి ఇలాంటి నిప్పు తగిలుంటే ఆయన పలనాటిని అంతలా తిట్టేవాడా?

రాళ్ళపిచ్చి: నిప్పు తగిలితే చలువరాయే అవుతుందని ఏముంది? పులివెందుల దగ్గర వేంపల్లె సున్నపురాయిలో మెగ్నీషియం ఎక్కువ. డోలరైట్ చొచ్చుకొచ్చిన అంచున, సిలికా, వేడినీళ్ళు కలిసి అది రాతినార (ఆస్బెస్టాస్) అయింది. మన హైదరాబాదులో ఇంకో కథ. ఇక్కడి గ్రానైటు 250 కోట్ల ఏళ్ళది, తానే నిప్పులో పుట్టింది. నల్లటి డైకులు చీల్చుకుపోయినా పెద్దగా చలించలేదు. పైగా చల్లారిన రాయి తగిలి డైకు అంచే గబగబా గడ్డకట్టి సన్నపలుకు అయింది. ఇంకోటి, రాజస్థాన్‌లోని మక్రానా చలువరాయికి కారణం ఇలాంటి ఒక్క ముద్ద వేడి కాదు. ఓ పెద్ద ప్రాంతమంతా వేడికీ ఒత్తిడికీ లోనైతే వచ్చింది. మాస్టారి పొడుపు దానికి సగమే వర్తిస్తుంది.

తార్నాక అక్క: పొడుపుకథకి ఇన్ని పరీక్షలా!

నల్లకుంట పాఠకుడు: అప్పటి క్లాస్‌మేట్‌కి ఫోన్ చేశాను. వాడు 'చలువ' కాదు, 'చెలువ' కాదు, 'చలవ' అంటున్నాడు. మీ చలవ, దేవుడి చలవ అంటాం చూడండి, అలా నిప్పు చలవట.

పద్యపిచ్చి: 'చలవ' తర్వాత 'అయింది' ఎలా అతుకుతుందండీ? ఆ పోయిన ముక్క చెప్పమనండి ముందు.