ఆవకాయ సీసాల్లో బూజు: ఎక్కడ తప్పు చేశాను?

మాది నూజివీడు దగ్గర పల్లె. అత్తయ్య కొలతతోనే రెండేళ్లుగా ఆవకాయ పెట్టి తెలిసినవాళ్లకు అమ్ముతున్నా. ఈసారి అరకిలో సీసాల్లో హైదరాబాద్‌కు 40 పంపితే, ఆరింటిలో పైన తెల్లగా బూజు పట్టిందని ఫొటోలు పెట్టారు. డబ్బులు తిరిగిచ్చేశాను గానీ సిగ్గుతో చచ్చిపోతున్నా. కాయ కడిగి, తుడిచి, ఫ్యాన్ కింద ఆరాకే ముక్కలు కొట్టించాను. జీడి, లోపలి పొర కూడా తీశాను. జాడీలో మిగిలింది మాత్రం బాగానే ఉంది! ఉప్పెక్కువ అంటున్నారని ఈసారి కాస్త తగ్గించిన మాట నిజమే. ప్రిజర్వేటివ్ కలపమంటారా?

ఇంకోటి. మా తమ్ముడు పదో తరగతి పాసయ్యాడు. తోటల చదువు చదువుతానంటున్నాడు. ఎక్కడ చేర్చాలి?

గుంటూరు పిన్ని
జాడీలోది బాగుందంటే నాకు సీసాల మీదే అనుమానం అమ్మాయ్. కడిగాక ఎంతసేపు ఆరాయి? మూత లోపలి అట్ట చూశావా? తడి అక్కడే దాక్కుంటుంది. మూడో రోజు తిరగకలిపాక గానీ సీసాకెత్తకు. అప్పటిదాకా ముక్క నూనె పీలుస్తూనే ఉంటుంది. ముందే నింపితే పై ముక్కలు తేలి పొడిగా నిలబడతాయి, బూజు పట్టేది వాటికే. పైన వేలు మందాన నూనె తేలాలి.

ఉప్పు గ్లాసుతో కొలవకు, తూకం వెయ్యి. అత్తయ్య కాలం కల్లుప్పుకీ ఇప్పటి మెత్తటుప్పుకీ గ్లాసు బరువు ఒకటి కాదు. ప్రిజర్వేటివ్ సంగతి తర్వాత, ముందు తడి సంగతి చూడు. బూజు తీసేసి మిగతాది తినమని మాత్రం ఎవరికీ చెప్పకు తల్లీ.

పచ్చళ్ల బండి
పిన్ని చెప్పింది నిజం. మామిడికాయకు పులుపుంది కాబట్టి కొంత నయం. పులుపు లేకుండా ఉత్త వెల్లుల్లిని నూనెలో నిల్వ పెట్టారో, బూజు కనిపించకపోయినా ప్రమాదమే. బొటులిజం అంటారు, ప్రాణాల మీదికి తెస్తుంది. పీహెచ్ అని పులుపు కొలత ఉంటుంది, పులుపు పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. అది 4.6 కంటే కిందుంటే ఆ జబ్బు తెచ్చే క్రిమి పెరగదు. అందుకే నేను చిన్న మీటర్ కొనుక్కున్నా. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్ ఉందా? నేను తీసుకున్నప్పుడు చిన్నవాళ్లకు ఏడాదికి 100 రూపాయలే. ఆ 14 అంకెల నంబర్ లేబుల్ మీద వేయాలి.

నర్సరీ కుర్రాడు
తమ్ముడి సంగతి నేను చెప్తానక్కా. వెంకట్రామన్నగూడెంలోని వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయం కింద పాలిటెక్నిక్‌లు ఉన్నాయి. పది తర్వాత రెండేళ్ల డిప్లొమా. నేను అదే చేశాను. మొదటి ఏడాది మామిడి అంటు కట్టడానికి నా చేతికి నెల పట్టింది, కత్తి గాటు ఇంకా ఉంది. పైకి చదవాలంటే డిప్లొమా వాళ్లకు పెట్టే హార్టీసెట్ ప్రవేశ పరీక్ష రాసి బీఎస్సీలో చేరొచ్చు. గ్రామ సచివాలయాల్లో ఉద్యాన సహాయకుల పోస్టులు పడ్డప్పుడు ఈ డిప్లొమా పనికొచ్చింది. ఉద్యోగమే కావాలంటే ఆలోచించుకోమనండి, ఎండలో నిలబడటం ఇష్టమైతే చేర్చండి.

అడిగినావిడ
పిన్నీ, ఇప్పుడే మిగిలిన ఖాళీ సీసాల మూతలు విప్పి చూశా. రెండింటి అట్ట కింద నీటి చుక్కలున్నాయి. తెల్లారి కడిగి సాయంత్రానికే నింపాను. తమ్ముడు ఇది చదివి కత్తి గాటు ఫొటో పెట్టమంటున్నాడు.