అప్‌డేట్: మి-24 బాడీ గ్యాప్ పోయింది

1/72 స్కేల్ (అసలు దానిలో 72వ వంతు సైజు) మి-24 హెలికాప్టర్ ప్లాస్టిక్ మోడల్ బాడీ రెండు సగాలూ ముక్కు దగ్గర కలవడం లేదని, పైన కాక్‌పిట్ గ్లాస్ (పారదర్శక ప్లాస్టిక్ మూత) కూడా సరిగ్గా కూర్చోవడం లేదని అడిగాను కదా. సమస్య తీరింది. సలహా ఇచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్.

కారణం బాడీలో లేదు, లోపలి కాక్‌పిట్ ఫ్లోర్‌లో ఉంది. అది కాస్త వెడల్పుగా ఉండి రెండు సగాలనూ బయటికి నెడుతోంది. జిగురు లేకుండా టేపుతో బిగించి లైటు ముందు పెట్టి చూస్తే ఎక్కడ తగులుతోందో స్పష్టంగా కనిపించింది. ఆ అంచుల్ని సాండ్‌పేపర్‌తో కొద్దికొద్దిగా అరగదీస్తూ, ప్రతిసారీ మళ్లీ పెట్టి చూశాను. ఓపిక కావాలి, కానీ పుట్టీ పూయడం కంటే ఇదే వంద రెట్లు నయం.

రెక్కల మొదట్లో మిగిలిన సందులో పల్చటి ప్లాస్టిక్ షీటు ముక్క దూర్చి అతికించాను. బాడీ మీద అచ్చువేసిన రివెట్ల గుర్తులు చెరిగిపోకుండా అతుకుకి రెండు వైపులా టేపు వేసి రుద్దాను. గ్లాస్‌కి మాత్రం తెల్ల ఫెవికాలే వాడండి. సూపర్ గ్లూ ఆవిరికి గ్లాస్ తెల్లగా మసకబారిపోతుంది. ఫెవికాల్ ఆరాక పారదర్శకంగా మారి సన్నటి సందుల్ని కూడా నింపేసింది.

బాడీ మూసే ముందు ముక్కులో బరువు పెట్టడం మరవకండి, లేకపోతే మోడల్ ముక్కు పైకి లేచి తోక మీద కూర్చుంటుంది. ఇక ప్రైమర్ వేయాలి.